కారు ఇంజనులోని గాలి ఒత్తిడి సెన్సర్ - దోషపరీక్ష

కూరలు, పాలు, విత్తనములు చేరవేయుటకు మన గ్రామములలో కారులును, చిన్న సరకు బండ్లును విరివిగా వాడుకలోనికి వచ్చినవి. ఇట్టి బండి నల్లపొగ విడుచుచు, పెట్రోలు మిక్కుటముగా త్రాగుచు, ఎత్తునకు లాగలేకపోయినపుడు, "గాలి ఒత్తిడి సెన్సర్ చెడినది, క్రొత్తది వేయవలెను" అని మరమ్మతు షెడ్డులో చెప్పుట కలదు. ఆ మాట నిజము కావచ్చును, కాకపోవచ్చును. సొమ్ము వెచ్చించుటకు ముందు చూడవలసిన సంగతులను సభ్యుల ఉపయోగార్థము ఇచట వ్రాయుచున్నాము.

ఇంజను పీల్చు గాలి మానిఫోల్డు అను గొట్టముల ద్వారా సిలిండర్లకు పోవును. అందలి ఒత్తిడిని కొలిచి ఇంజను కంప్యూటరుకు తెలుపునదే ఈ సెన్సర్. ఒత్తిడి హెచ్చినచో, ఇంజనుపై భారము హెచ్చినదని యెంచి కంప్యూటరు పెట్రోలును అధికముగా చిమ్మించును. కావున సెన్సర్ తప్పు చెప్పినచో పెట్రోలు లెక్కయు తప్పును. కొన్ని కారులలో దీనికి బదులు గాలి పరిమాణమును కొలుచు సెన్సర్ ఉండును. వానికి ఈ పరీక్ష వర్తింపదు.

మొదట బండికి స్కానర్ తగిలించి, ఇంజను నడపకయే తాళము త్రిప్పి చూడవలయును. అపుడు సెన్సర్ బయటి గాలి ఒత్తిడినే చూపవలెను. సముద్రతీరమున అది సుమారు 100 కిలోపాస్కలులు. 500 మీటర్లకు పైబడిన ఎత్తుననున్న హైదరాబాదులో సుమారు 95. ఈ భేదము సహజమే గాని దోషము కాదు. పిమ్మట ఇంజను వేడెక్కి నెమ్మదిగా తిరుగుచుండగా, టర్బో లేని పెట్రోలు బండిలో అంకె సుమారు 25 మొదలు 40 వరకు దిగవలెను. ఆక్సిలరేటర్ త్రొక్కగానే పైకి లేవవలెను.

మొదటి అంకె సరిగానుండి, ఇంజను నడచినపుడు దిగనియెడల, సెన్సరును నిందింపరాదు. రబ్బరు గొట్టము చిట్లుట, ఊడుట, మానిఫోల్డు అతుకులో గాలి చొరబడుట మొదలగునవి కారణములు కావచ్చును. మొదటి అంకెయే తప్పైనచో వైర్లను చూడవలెను. సాధారణముగా మూడు వైర్లుండును: 5 వోల్టుల వైరు, ఎర్తు, సంకేతపు వైరు. ప్లగ్గునొద్ద 5 వోల్టులు లేనిచో క్రొత్త సెన్సర్ వేసినను ఫలము లేదు. ధాన్యపు కొట్టముల చెంత నిలుపు బండ్లలో ఎలుకలు వైర్లను కొరుకుట సామాన్యము. స్కానర్ చూపు పి 0107 సంకేతము వోల్టు తక్కువయనియు, పి 0108 ఎక్కువయనియు మాత్రమే చెప్పును, కారణమును చెప్పదు.

వైర్లు సరిగానున్నచో సెన్సరును విప్పి, రంధ్రమున నూనెమసి పట్టినదేమో చూడవలెను. సెన్సర్లకు తగిన స్ప్రేతో కడిగి ఆరబెట్టవలెనే గాని తీగెతో పొడువరాదు. అప్పటికిని అంకె తప్పినచో క్రొత్తది కొనుట న్యాయము. పాతదానిపై గల నంబరుతో సరిచూచి కొని, పాత సంకేతమును తుడిపించి బండిని నడిపి చూడవలయును.

టర్బో గల డీజిలు బండ్లలో నెమ్మదిగా తిరుగునపుడు అంకె పెద్దగా దిగదు. వానికి మొదటి పరీక్షయు, వైర్ల పరీక్షయు, టర్బో గొట్టముల పరీక్షయు చాలును.

స్కానరును, వోల్టుమీటరును ప్రతివారును కొననక్కరలేదు. సంఘము ఒక్కొక్కటి కొనియుంచినచో సభ్యులందరకును ఉపయోగపడును. ఈ విషయమును సభ్యులు తమ సమావేశమున ఆలోచింతురుగాక.