115 రిఫరెన్సుల్లో సరైనవి ఎనిమిదే

చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న జనంలోకి వచ్చింది. ఆ తర్వాత వైద్య పరిశోధన పత్రాల రాత ఎంత మారిందో, ఎక్కడ జాగ్రత్తపడాలో ఈ అంకెలు చెబుతాయి.

13.5 శాతం: ఏఐ చేయి పడిన సారాంశాలు
వైద్య పరిశోధనల సారాంశాలు వెతకడానికి డాక్టర్లు ముందుగా చూసేది పబ్‌మెడ్. 2010 నుంచి 2024 దాకా అందులో చేరిన సుమారు కోటిన్నర సారాంశాలను జర్మనీలోని ట్యూబింగెన్ యూనివర్సిటీ పరిశోధకులు జల్లెడ పట్టారు. ‘డెల్వ్స్’ అనే ఇంగ్లిషు మాట 2024లో, పాత ఏళ్ల వాడకాన్ని బట్టి కట్టిన అంచనాకు పాతిక రెట్లకు పైగా కనిపించింది. కరోనా కాలంలో పెరిగినవి జబ్బుకు సంబంధించిన మాటలు. ఈసారి పెరిగినవి వాక్యానికి నగిషీ పెట్టేవి. ఆ లెక్కన 2024 సారాంశాల్లో కనీసం 13.5 శాతం ఏఐ సాయంతో రాసినవేనని వాళ్లు తేల్చారు.

ఇదంతా తప్పేనా? కాదు. తెలుగు మీడియంలో చదివి, ఎండీ థీసిస్‌ను ఇంగ్లిషులో రాయాల్సిన యువ డాక్టరుకు భాష దిద్దిపెట్టే సాయం పెద్ద ఊరట. ఆ సాయం వాడుకోవాలి కూడా.

47 శాతం: పుట్టించిన రిఫరెన్సులు
ముప్పు భాషతో కాదు, సమాచారంతో. చాట్‌జీపీటీ 3.5తో 30 చిన్న వైద్య వ్యాసాలు రాయించి చేసిన పరీక్ష 2023లో క్యూరియస్ జర్నల్‌లో వచ్చింది. ఆ వ్యాసాల్లో ఉన్న 115 రిఫరెన్సుల్లో 47 శాతం అసలు లేని పత్రాలవి. మరో 46 శాతం ఉన్న పత్రాలవే గానీ సంవత్సరమో, పేజీయో, పబ్‌మెడ్ నంబరో తప్పు. అన్నీ సరిగ్గా ఉన్నవి 7 శాతం, అంటే ఎనిమిది. ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కట్టి పేర్చే యంత్రం కాబట్టి, లేని పత్రానికీ నమ్మదగిన పేరు అమర్చగలదు. కొత్త మోడళ్లు వెబ్‌లో వెతికి చెబుతున్నా ఈ జబ్బు పూర్తిగా పోలేదు.

68 శాతం: నిపుణుల కంటికి చిక్కినవి
అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు పెట్టిన పరీక్షలో, ఏఐ రాసిన సారాంశాల్లో సమీక్షకులు గుర్తుపట్టింది 68 శాతమే. మనుషులు రాసినవాటిలో 14 శాతాన్ని ఏఐవని పొరబడ్డారు. ఏఐ రాతను పట్టే సాఫ్ట్‌వేర్ల (డిటెక్టర్ల) పని ఇంకా అన్యాయం: ఇంగ్లిషు మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ (ఇంగ్లిషు పరీక్ష) వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇస్తే, సగటున 61 శాతాన్ని ఏఐ రాతగా ముద్ర వేశాయి.

2024లో ఒక రేడియాలజీ జర్నల్ నాలుగు నెలల పాప కేసు రిపోర్టు అచ్చేసింది. ‘నేను ఏఐని, రోగి వివరాలు నా దగ్గర లేవు, క్షమించండి’ అనే అర్థం వచ్చే వాక్యాలు అందులో అలాగే ఉండిపోయాయి. రచయితలు, సమీక్షకులు, ఎడిటర్లు ఎవరూ చూడలేదు. ఆ పత్రాన్ని తర్వాత తొలగించారు.

అందుకే అంతర్జాతీయ వైద్య జర్నళ్ల ఎడిటర్ల కమిటీ 2023 మేలో తేల్చి చెప్పింది: ఏఐ రచయిత కాలేదు, వాడితే చెప్పాలి, తప్పుకు బాధ్యత మనిషిదే.

పీజీ డాక్టర్లకు, గైడ్లకు ఒక్క మాట. భాష దిద్దించుకోండి, ఆ సంగతి దాచకుండా రాయండి. ప్రతి రిఫరెన్సునూ పబ్‌మెడ్‌లో తెరిచి, చదివాకే చేర్చండి. మీ పత్రం చూసి రేపు మరో డాక్టరు మందు రాస్తారు.