మా తరువాత వీనికెవరు?

వైకల్యముగల బిడ్డ ఉన్న ఇంటిలో తల్లిదండ్రులు పైకి అనని ప్రశ్న ఒకటి ఉండును: “మా తరువాత వీనికెవరు?” పెద్దలు దానిని నోట రానీయరు. అయినను ఆ ఇంట పెరుగుచున్న మరియొక బిడ్డకు, అక్కకో తమ్మునికో, ఆ ప్రశ్న చిన్ననాడే వినబడును. దానికి సమాధానము తానేనని ఎవరును చెప్పకయే ఆ బిడ్డ గ్రహించును. వైకల్యముగల పిల్లలను గూర్చి వైద్యులును ఉపాధ్యాయులును చాల విషయములు చెప్పియున్నారు. వారితో తోడబుట్టినవారిని గూర్చి మేమిచ్చట ముచ్చటింపదలచితిమి.

నిజామాబాదు జిల్లాలోని నవీపేట, బోధన్ ప్రాంతమునే తీసికొందము. 1937లో స్థాపింపబడిన బోధన్ చక్కెర కర్మాగారము చుట్టును ఒకనాడు ఈ సీమ బ్రదుకు సాగెను. ఆ కర్మాగారము 2015లో మూతపడెను. ఇచ్చటి పెక్కు ఇండ్లలో తండ్రి గల్ఫు దేశములకు పనికి పోవును. తల్లి ఇంటనే చాట ముందర పెట్టుకొని బీడీలు చుట్టును. బీడీ పనికి కూలి దినము లెక్కన గాక వేయి లెక్కన వచ్చును. కూర్చుండలేని బిడ్డకు అన్నము తినిపించుటకు, ఒడలు తుడుచుటకు, ప్రక్కకు త్రిప్పి పడుకోబెట్టుటకు తల్లి లేచినప్పుడెల్ల ఆ వేయి తరుగును. తరిగిన లెక్క పూరించుటకు బడినుండి వచ్చిన కూతురు చాట ముందు కూర్చుండును, లేదా తమ్ముని చంకకెత్తుకొనును. ఇది ఎవరి కాఠిన్యమును కాదు. ఇంటిలో చేతులు చాలకపోవుటయే దీనికి కారణము. కాని ఆ పిల్ల చేయు ఈ చాకిరి ఏ కూలి లెక్కకును ఎక్కదు.

తోబుట్టువు మనస్సున మొదట ఉండునది భయము. “నాకును ఇట్లే అగునా? నేను చేసిన తప్పువలన వాడిట్లయ్యెనా?” అని పసివారు తలపోయుదురు. పెద్దల మాటలు ఈ భయమును తీర్చకపోగా పెంచును. చీలిన పెదవిని గ్రహణమొర్రి అనుట మన వాడుక. ఆ మాటతో కారణము గ్రహణము మీదికి, అచ్చటినుండి గ్రహణమునాడు వెలుపలికి వచ్చిన తల్లి మీదికి పోవును. నిజమునకు గ్రహణమునకును దానికిని ఏ సంబంధమును లేదు. సెరిబ్రల్ పాల్సీ అనునది ఎదుగుచున్న మెదడునకు గర్భమునందో, కాన్పు సమయముననో, పుట్టిన తొలిదినములలోనో కలిగిన దెబ్బవలన వచ్చును. అది అంటుకొనునది కాదు. డౌన్ సిండ్రోము ఒక క్రోమోజోము అదనముగా ఉండుటచే కలుగును. మేనరికములలో కొన్ని వంశపారంపర్య వ్యాధుల ప్రమాదము హెచ్చుననుట నిజమే. కాని వైకల్యములన్నియు వంశములో వచ్చునవి కావు. ఈ తేడా తెలియకనే పెండ్లిచూపులనాడు తమ్ముని వెనుక గదిలో దాచుదురు. దానితో ఆ దినము గడచిపోవచ్చును. అక్కకు మాత్రము తన తమ్ముడు దాచదగినవాడను పాఠము మిగిలిపోవును.

భయము తరువాతిది కోపము. “వానికి బాగులేదుగదా, నీవే సర్దుకొనుము” అను మాట దినమునకు పదిమార్లు వినిన బిడ్డకు కోపము రాకుండునా? ఆ కోపము తప్పని చెప్పినచో అది లోపలికి పోవును గాని పోదు. అమెరికాలోని సియాటిల్ నగరమున 1980ల దశకములో డాన్ మేయర్ అనువారు ఇట్టి తోబుట్టువులకొరకే కూటములు నెలకొల్పిరి. అచ్చట పిల్లలు ఆడుకొందురు. ఆటల నడుమ ఇంట చెప్పలేని మాట తమవంటి వారితో చెప్పుకొందురు. మన ఊళ్లలో ఇందుకు పెద్ద ఏర్పాటులక్కరలేదు. దినములో కొంతసేపు తల్లి ఆ బిడ్డతోనే మాట్లాడినను చాలును. గల్ఫునుండి ఫోనుచేయు తండ్రి తమ్ముని మందులనేగాక అక్క చదువును గూర్చియు అడిగినచో ఆ పిల్ల ముఖము వికసించును. వైకల్యముగల బిడ్డకు సైతము శక్తికొలది పని ఒప్పగింపవలెను. బట్టలు మడచినను, చెంబు అందించినను వాడు ఇంటి పనిలో పాలుపంచుకొన్నవాడగును. అక్క రెండవ తల్లిగా మారదు, అక్కగానే ఉండును.

భారము తగ్గించుటకు వెలుపలి సహాయమును కలదు. నవీపేట మీదుగా పోవు రైలు త్రోవ సికింద్రాబాదునకు చేరును. బుద్ధిమాంద్యముగల పిల్లలకై 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ, నేడు పేరు మారినది, అచ్చటనే యున్నది. పిల్లలకు నేర్పు విధానమును ఆ సంస్థ తల్లిదండ్రులకును నేర్పును. అయితే ప్రతి ప్రయాణమునకును ఒక దినపు కూలి పోవును. కనుక దగ్గరనున్న భవిత కేంద్రమును ముందుగా విచారింపవలెను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రకారము నలువది శాతమునకు తక్కువగాని వైకల్యము ధ్రువీకరింపబడిన పిల్లలకు ఆరు మొదలు పదునెనిమిదేండ్ల వరకు ఉచిత విద్య హక్కు. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2023లో నెలకు 4,016 రూపాయలకు పెరిగెను.

ఇక మొదటి ప్రశ్న. బిడ్డకు పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట కన్న తల్లిదండ్రులు సైతము చట్టరీత్యా తమంతట సంరక్షకులు కారు. ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యము, బహుళ వైకల్యములు గలవారికొరకు 1999లో నేషనల్ ట్రస్టు చట్టము వచ్చినది. జిల్లా కలెక్టరు సభ్యులుగానున్న స్థానిక కమిటీకి తల్లిదండ్రులు గాని బంధువులు గాని దరఖాస్తు చేయవచ్చును. సంరక్షకుడు అవసరమా, అవసరమైనచో ఏయే విషయములకు అన్నది కమిటీ ఆలోచించును. నియమింపబడినవారు ఆస్తిపాస్తుల పట్టికయు ఏటేట లెక్కయు ఇయ్యవలెను. అశ్రద్ధ చేసినచో వారిని తొలగింపవచ్చును. తోబుట్టువు మీద ఊరక వచ్చిపడు భారమునకు ఈ చట్టము ఒక హద్దు ఏర్పరచును.

అయినను చట్టమునకు ముందు జరుగవలసినది ఇంటిలో మాట. అక్కను, తమ్ముని కూర్చుండబెట్టుకొని, “మా తరువాత వీనిని గూర్చి నీ ఆలోచన ఏమి? ఎంత చేయగలవు? ఏది చేయలేవు?” అని తల్లిదండ్రులు అడుగవలెను. “దూరమున ఉద్యోగము చేయుదును, నెలనెల ఖర్చు పంపుదును, దగ్గర ఉండలేను” అని వచ్చు సమాధానమును సమాధానమే. దానినిబట్టి పినతల్లి బిడ్డలను, మేనమామలను కలుపుకొని ఏర్పాటు చేయవచ్చును. వైకల్యముగల బిడ్డకు తన కోరిక చెప్పగల శక్తి యున్నచో ఆ సంభాషణలో వానిని మొదట కూర్చుండబెట్టవలెను. అడుగకయే మోపిన బాధ్యత ఏండ్లు గడచినకొలది బరువగును. అడిగి, ఒప్పుకొని, పంచుకొన్నదానిని మోయుటకు శక్తి చాలును.