ఎండిన సీమను చెక్కింది నీరే

సికింద్రాబాద్ నుంచి గుడారం వేసుకునే ప్రయాణమంటే చాలామందికి అనంతగిరి కొండలే గుర్తొస్తాయి. మెట్ట సీమనూ, కొండలనూ ఒకే దారిలో చూడాలంటే మాత్రం బండిని దక్షిణానికి తిప్పాలి. 44వ నంబరు జాతీయ రహదారి మీద బీచుపల్లి దగ్గర కృష్ణను, కర్నూలు దగ్గర తుంగభద్రను దాటి, ఓర్వకల్లు, బనగానపల్లె, బెలుం, జమ్మలమడుగు మీదుగా గండికోట చేరే దారి అది. దాదాపు 400 కిలోమీటర్లు.

ఈ దారి సాగే రాయలసీమ ఎడారి కాదు కానీ, వానకు మొహం వాచిన నేల. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగానే కురుస్తుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమలు ఎక్కేటప్పుడే చాలావరకు ఖాళీ అవుతాయి. ఈశాన్య రుతుపవనాల వానలో పెద్ద వాటా కోస్తాకే పోతుంది. రెండు వానలకూ సీమ చివరి వరుసలోనే ఉంది.

అయినా ఈ నేలను ఇలా మలిచింది నీరే. బెలుంలో సున్నపురాయి ఉంది. నేలలోకి ఇంకిన వాననీటిలోని స్వల్ప ఆమ్లం ఆ రాతిని కరిగించుకుంటూ పోయి 3,229 మీటర్ల గుహలను తొలిచింది. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని నమోదు చేశాడు.

గండికోట కథ వేరు. ఎర్రమల కొండలది క్వార్ట్‌జైట్, అంటే గట్టిపడిన ఇసుకరాయి. అది కరగదు, పగుళ్ల వెంట విరుగుతుంది. పెన్న నది ఆ పగుళ్లను కోసుకుంటూ పోతే బండలు నిట్టనిలువుగా ఊడిపడ్డాయి. అందుకే సుమారు 300 అడుగుల లోయ అంచులు పేర్చిన గోడల్లా కనిపిస్తాయి. పెమ్మసాని నాయకుల కోటకు ఆ లోయే కందకం. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఆ కోటను పట్టుకున్నాడు.

వేసవిలో పొద్దుగుంకినా బండల సెగ తగ్గదు. శరత్తులో, అంటే ఆశ్వయుజ కార్తీకాల్లో, ఎండ తీవ్రత తగ్గుతుంది. జమ్మలమడుగు నల్లరేగళ్లలో శనగ విత్తుతుంటారు. చుక్కలు చూడాలంటే అమావాస్య దగ్గర్లో, లోయను వెన్నెల్లో చూడాలంటే పౌర్ణమికి వెళ్లండి. అయితే ఇవే బంగాళాఖాతంలో తుపాన్లు పుట్టే నెలలు కూడా. వాతావరణ సూచన చూడకుండా బయలుదేరవద్దు.

గండికోటలో పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, గుడారాలు అద్దెకిచ్చేవారూ ఉన్నారు. సొంత గుడారమైతే రాతినేలలో మేకులు దిగవు, తాళ్లను పెద్ద రాళ్లకు కట్టాలి. గుడారం లోయ అంచుకు దూరంగా ఉండాలి. తాగునీరు వెంట తీసుకెళ్లండి, చెత్త తిరిగి తెచ్చుకోండి. లోయ అంచున చాలాచోట్ల కంచె లేదు. కాబట్టి వెలుతురుండగానే చేరుకోండి, చీకటి పడ్డాక అంచు వైపు వెళ్లకండి.