ఒక గడియారము – రెండు లెక్కలు

ఒకే కంప్యూటరులో విండోస్, లినక్స్ అను రెండు ఆపరేటింగ్ సిస్టములను ఉంచుకొన్నవారికి తరచు ఒక వింత ఎదురగును. లినక్సు పిదప విండోసును తెరచినచో గడియారము 5 గంటల 30 నిమిషములు వెనుకబడి యుండును.

కంప్యూటరును ఆపినను, లోపల బ్యాటరీతో ఒక గడియారము నడచుచునే యుండును. విండోస్ అందు స్థానిక కాలమునే ఉంచును. లినక్స్ సాధారణముగా ప్రపంచ ప్రామాణిక కాలమును ఉంచి, మన దేశమున దానికి ఐదున్నర గంటలు కలిపి చూపును. ఒకటి దిద్దినది రెండవదానికి తప్పగును.

ఇందువలన నష్టము లేకపోలేదు. ఉదయము 11 గంటలకు లినక్సులో వ్రాసిన పత్రమును మధ్యాహ్నము 2 గంటలకు విండోసులో దిద్దినచో, దానిపై ఉదయము 8.30 అని పడును. తేదీనిబట్టి ప్రతులను దాచు సాధనము దానిని పాతదనుకొని విడిచిపెట్టవచ్చును.

రెండింటిలో ఒకదాని అమరికను మాత్రమే మార్చి రెండవదానితో కలుపవలెను. రెండింటిని మార్చినచో తగవు మరల మొదటికి వచ్చును!