లిటిల్ రాక్ బాలికలు: ప్రవేశమును, ఆదరణయును

విద్యాలయమున ప్రవేశము లభించుట వేఱు. అచట నిలిచి చదువుకొనగలుగుట వేఱు. ఈ భేదమును తెలిసికొనుటకు అమెరికాలో ఆర్కెన్సా రాష్ట్రమందలి లిటిల్ రాక్ సెంట్రల్ ఉన్నతపాఠశాల వృత్తాంతము మిక్కిలి తగినదని మా అభిప్రాయము. నల్లవారికిని తెల్లవారికిని వేర్వేరు ప్రభుత్వ పాఠశాలలుండుట రాజ్యాంగవిరుద్ధమని 1954లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 1957లో, సుమారు 2,000 మంది తెల్లజాతి విద్యార్థులున్న ఆ పాఠశాలకు తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులు ఎంపికైరి. వారిలో ఆరుగురు బాలికలు. ఈ విషయమునకు రావలసినంత ప్రాధాన్యము రాలేదు.

సెప్టెంబరు 4వ తేదీన అందఱును కలిసి పోవలెనని ఏర్పాటు జరిగెను. ఎలిజబెత్ ఎక్‌ఫర్డు ఇంట టెలిఫోను లేనందున ఆమెకు ఆ కబురు చేరలేదు. పదునైదేండ్ల యా బాలిక ఒంటరిగా వచ్చి, రాష్ట్ర సైనికులు అడ్డగింపగా, కేకలువేయు గుంపు వెంటాడుచుండ బస్సు ఆగుచోటికి నడిచిపోయెను. గ్రేస్ లార్చ్ అను తెల్లజాతి స్త్రీ ఒకతె ఆమెకు తోడై బస్సెక్కించెను.

అధ్యక్షుడు ఐసెన్‌హోవరు సేనను పంపగా సెప్టెంబరు 25న ఆ తొమ్మండుగురును సైనికుల రక్షణలో పాఠశాల ప్రవేశించిరి. కాని సైనికుడు బాలికను తరగతి వాకిలివఱకే దిగబెట్టగలడు. తరగతిలోనికిగాని, ఆడపిల్లల స్నానపుగదిలోనికిగాని పోజాలడు. మెల్బా పటిల్లో 1994లో వెలువరించిన స్మృతిగ్రంథమున వర్ణించిన బాధలు కొన్ని అట్టి తావులందు జరిగినవే. ఎవరేమి చేసినను ఎదురు తిరుగరాదని పిల్లలకు బోధింపబడినది. మినీజీన్ బ్రౌను ఆ యోర్పును కోల్పోయినందుకు 1958 ఫిబ్రవరిలో పాఠశాలనుండి తొలగింపబడెను. హింసించినవారికంటె హింసింపబడినదానికే కఠినశిక్ష కలిగెనని మేము తలంచుచున్నాము. న్యూయార్కులో మనస్తత్వశాస్త్రజ్ఞులగు కెన్నెత్, మేమీ క్లార్కు దంపతులు ఆమెను తమ యింట నుంచుకొనిరి. అచట ఆమె చదువు సాగినది. 1954 నాటి తీర్పున కెన్నెత్ క్లార్కు పరిశోధన ఉదాహరింపబడుట ఇచట స్మరింపదగినది.

లిటిల్ రాక్‌లో మిగిలినవారికి డెయిసీ బేట్సు ఇల్లే ఆశ్రయమైనది. రాళ్లు పడుచున్నను ఆ యిల్లు మూతపడలేదు. పాఠశాల విడిచిన పిమ్మట పిల్లలు అచట చేరి ఆనాటి సంగతులు చెప్పుకొనెడివారు. అయినను, అది బయటి యాశ్రయము. లోపలి యాశ్రయము ఉపాధ్యాయులవలననే కలుగవలెను. అది ఎట్లుండునో 1960లో న్యూ ఆర్లియన్సునందు కనబడినది. ఆఱేండ్ల రూబీ బ్రిడ్జెస్‌తో కూర్చుండుటకు తక్కిన పిల్లలను తల్లిదండ్రులు పంపకపోగా, బార్బరా హెన్రీ అను తెల్లజాతి ఉపాధ్యాయిని ఆ యొక్క బాలికకే యేడాదిపాటు పాఠములు చెప్పెను. మఱుసటి యేడు రూబీ రెండవ తరగతికి వచ్చునప్పటికి ఆ ఉపాధ్యాయిని ఆ పాఠశాలలో లేదు.