మీకు తెలుసా? మునిగితే ప్రాణం లేచొచ్చే రూలు!

శామీర్‌పేట చెరువులో కొన ఊపిరితో ఉన్నవాణ్ణి ముంచితే కోలుకుంటాడని ఎవరైనా అంటే తిట్టి పంపుతాం. 2003లో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట 3.5 కూర్పు మాత్రం అక్షరాలా చదివితే అదే చెబుతుంది. ఆ ఆటలో దెబ్బ తగిలినప్పుడల్లా హిట్ పాయింట్లు తగ్గుతాయి. మైనస్ 10కి చేరితే చావే. నీళ్లలో ఊపిరి బిగబట్టలేకపోయినవాడు స్పృహ తప్పి సున్నా పాయింట్లకు వస్తాడని రూలు. పైనుంచి సున్నాకు దిగడమే రాసినవాళ్ల మనసులో ఉండుంటుంది. మరి మైనస్ 8లో కొట్టుకుంటున్న యోధుడి తల బకెట్లో ముంచితే? ఎనిమిది పాయింట్లు లాభం! వెంటనే పైకి లాగాలి సుమా, లేదంటే మూడో రౌండుకు పోతాడు. 2014 నాటి అయిదో కూర్పులో మైనస్ పాయింట్లే లేవు కాబట్టి ఈ కిటుకు పారదు.

ఇలాంటి రూళ్ల చిక్కులు తీర్చడానికి మన పాత పుస్తకాల చివర కనిపించే తప్పొప్పుల పట్టికలాంటిది ఈ ఆటకూ ఉంది. రూల్‌బుక్‌లోని పట్టికలో ఒకటి, వాక్యంలో ఒకటి ఉంటే వాక్యానిదే పైచేయి అని 3.5 సవరణల్లో తేల్చేశారు.

చట్టం చదివేవాళ్లకు ఇలాంటి అక్షరార్థపు తంటా కొత్తేం కాదు. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నదీ శామీర్‌పేటలోనే. అక్షరార్థం అసంబద్ధానికి దారితీస్తే దాన్ని కాస్త సడలించి చదవొచ్చన్న సూత్రాన్ని న్యాయశాస్త్రంలో ‘గోల్డెన్ రూల్’ అంటారు. ఆట బల్ల దగ్గర అలా తీర్పు చెప్పే జడ్జి పని ఆట నడిపే డంజన్ మాస్టర్‌ది. అప్పీలు లేదు.