ముక్కులో పుట్టి మెదడుకు చేరే కణాలు

మా యానాంలో పులస దొరికిన రోజున ఏ ఇంట్లో పులుసు కాగుతోందో వీధి చివరివాడికి కూడా తెలిసిపోతుంది. కానీ మా ఆఖరి చెల్లెలి కొడుక్కి చిన్నప్పటినుంచీ ఆ వాసన తెలీదు. పళ్ళెంలో పెడితే తింటాడు. ఉప్పు, కారం, పులుపు సరిగ్గానే చెబుతాడు. "వాసన ఎలా ఉందిరా?" అంటే మాత్రం "ఏం వాసన మావయ్యా?" అనేవాడు. ముక్కు దిబ్బడ అనుకుని నవ్వేసి ఊరుకునేవాళ్ళం.

నేను పుదుచ్చేరిలో బట్టల మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేసి యానాం తిరిగొచ్చినవాణ్ణి. చదివింది ఐదో తరగతి. డాక్టర్ల సంగతి రాసేంతవాణ్ణి కాను. అయినా ఈ విషయం తెలీక మా ఇంట్లో ఒక ఆడమనిషి ఎన్నో ఏళ్ళు నింద మోసింది. అందుకే రాస్తున్నాను. రాయమని మా మేనల్లుడే అన్నాడు.

వాడికి పంతొమ్మిదేళ్ళొచ్చినా మీసం మొలవలేదు, గొంతు మారలేదు. తోటి కుర్రాళ్ళ ఎగతాళికి కాలేజీ మానేశాడు. గోదావరి రేవుకి స్నానానికి వెళ్ళాలన్నా అందరూ వచ్చేశాక వెళ్ళేవాడు. ఇంట్లో నేరం మా చెల్లెలి మీద పడింది. కడుపుతో ఉండగా గ్రహణం రోజున కత్తిపీట ముట్టుకుందని అత్తగారు దెప్పేవారు. నేనేమీ మేలు కాదు. "పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుంది" అని సంబంధం కూడా చూశాను. ఈ మాట సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

మా పెద్దాడి కూతురు అప్పుడు నర్సింగు చదువుతోంది. "తాతా, చిన్న మావయ్యకి వాసన తెలీదు, మీసం రాలేదు. ఈ రెండూ కలిపి ఏ డాక్టరుకైనా చెప్పారా?" అని అడిగింది. ఎవరం చెప్పలేదు. ముక్కుకీ మీసానికీ ఏం సంబంధమండీ అనుకున్నాం. కాకినాడలో హార్మోన్ల డాక్టరు దగ్గరికి తీసుకెళితే, రక్తపరీక్షలూ తలకి స్కానింగూ చేయించి, దీన్ని కాల్‌మన్ సిండ్రోమ్ అంటారన్నారు. వాడు పుట్టకముందే, తల్లి కడుపులో ఉండగానే మొదలైన సంగతట.

ఆ సంబంధం ఏమిటో మా మనవరాలు నాకు మిల్లు భాషలో చెప్పింది. నాకు అర్థమైనట్టు మీకు చెబుతాను.

మెదడు అడుగున, కళ్ళ వెనక భాగంలో, బాదంగింజంత చోటు ఒకటుంది. దాని పేరు హైపోథాలమస్. పెద్దవాళ్ళలో దాని బరువు 4 గ్రాములు. ఆకలి, దాహం, ఒంటి వేడి, నిద్ర, యుక్తవయసు రావడం, ఇవన్నీ నడిపించేది అదే. ఒక్కో పనికి ఒక్కో రకం కణాలుంటాయి. అన్ని రకాలు ఎలా వచ్చాయి? మొదట్లో అన్నీ ఒకటేనట.

కడుపులో బిడ్డకి ముందు పలచని కణాల పొర ఉంటుంది. అది చుట్టుకుని గొట్టమవుతుంది. నాలుగో వారం చివరికల్లా గొట్టం మూసుకుంటుంది. దాని ముందు కొన ఉబ్బి మెదడవుతుంది. ఆ ముందు భాగంలోనే అడుగు వైపు హైపోథాలమస్ తయారవుతుంది. అప్పటికి అక్కడ కణాలన్నీ ఒకే తీరు. కింద నుంచి కొన్ని ప్రోటీన్లు కబురులాగా వస్తాయి. అందులో ఒకదాని పేరు సోనిక్ హెడ్జ్‌హాగ్. పిల్లలాడే వీడియో గేములో బొమ్మ పేరే పెట్టారు. ఏ కణానికి ఏ కబురు ఎంత మోతాదులో, ఎంతసేపు అందిందో దాన్నిబట్టి దాని లోపల కొన్ని జన్యువులు పనిలోకి దిగుతాయి, కొన్ని ఆగిపోతాయి. పక్కపక్క కణాలు కూడా మాట్లాడుకుంటాయి. "నేను నరకణం అవుతున్నా, నువ్వు కాస్త ఆగు" అన్నట్టు. ముందు విడివడింది ఒక రకమవుతుంది, తర్వాత విడివడింది ఇంకో రకమవుతుంది.

మన మిల్లులో జరిగేదే కదా! ఒకే బేలు దూది. బ్లోరూము, కార్డింగు దాటేదాకా అంతా ఒకటే. ఆ తర్వాత పురి ఎక్కువేస్తే పడుగు నూలు, తక్కువేస్తే పేక నూలు. దూదిలో తేడా లేదు, దానికి జరిగిన పనిలో తేడా. ఎలుకల మీద చేసి 2010లో బయటపెట్టిన పరిశోధన ఒకటుంది. "చాలు, తినకు" అని చెప్పే కణాలూ, "ఇంకా తిను" అని చెప్పే కణాలూ కొన్ని ఒకే రకం తల్లి కణాలనుంచి వస్తాయని అందులో తేలింది. ఒకే తల్లికి పుట్టి, ఒకరి మాటకి ఒకరు ఎదురు చెప్పే పిల్లలన్నమాట.

కానీ మిల్లులో పనివాళ్ళందరూ ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళేనా? నేను యానాంలో పుట్టి, ఎనిమిది వందల కిలోమీటర్లు దాటి పుదుచ్చేరి మిల్లుకెళ్ళాను. హైపోథాలమస్‌లోనూ అలాంటి వలస కూలీలున్నారు. యుక్తవయసు తెచ్చే హార్మోను పేరు జీఎన్ఆర్‌హెచ్. దాన్ని తయారుచేసే కణాలు మెదడులో పుట్టవు, బిడ్డ ముక్కు ఏర్పడే చోట పుడతాయి. ఆరో వారం ప్రాంతంలో బయల్దేరి, ముక్కు నరాల పోగులు పట్టుకుని, రైలు పట్టాల వెంట నడిచినట్టు మెదడులోకి వస్తాయి. మెదడులో మొత్తం నరకణాలు 8,600 కోట్లయితే, ఇవి కొన్ని వేలే. అవి చేరకపోతే యుక్తవయసు రాదు.

వాసన మోసుకెళ్ళేవీ ఆ ముక్కు నరాలే. అవి మెదడుకి అందకపోతే వాసనా ఉండదు, వాటి వెంట నడవాల్సిన కణాలూ దారిలో ఆగిపోతాయి. మా మేనల్లుడి ముక్కుకీ మీసానికీ ఉన్న సంబంధం ఇదండీ.

ఈ రెండు లోపాలూ కలిసి కొన్ని కుటుంబాల్లో వస్తున్నాయని 1944లో ఫ్రాంజ్ కాల్‌మన్ అనే డాక్టరు రాశారు. కణాలు ముక్కునుంచి నడిచొస్తాయని ఎలుకల్లో తేలింది 1989లో. అదే ఏడాది, ఈ లోపమున్న ఒక పుట్టని బిడ్డలో ఆ కణాలు మెదడు బయటే ఆగిపోయి ఉండడం చూశారు. 1991లో దీనికి కారణమయ్యే మొదటి జన్యువు దొరికింది. ఇప్పటికి ఇంకా చాలా జన్యువులు తెలిశాయి. ఏ జన్యువు ఎవరికి రావాలో ఏ తల్లీ తండ్రీ ఎంచుకునేది కాదు. గ్రహణానికీ కత్తిపీటకీ అసలు సంబంధమే లేదు.

కడుపులో బిడ్డ మెదడు ఎలా ఉంటుందో చూడాలనిపిస్తే, దూరం వెళ్ళక్కర్లేదు. చెన్నై ఐఐటీ వాళ్ళు 2024 డిసెంబరులో "ధరణి" పేరుతో పుట్టని బిడ్డల మెదడు చిత్రాలు విడుదల చేశారు. పలచగా కోసిన 5,132 పొరల చిత్రాలు. ఎవరైనా చూడొచ్చు. మనవరాలు ఫోనులో చూపిస్తే, అంత పలచని నేత నేను మిల్లులో ఎన్నడూ చూడలేదు అన్నాను.

ఇక వైద్యం సంగతి. వాడికి టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఏడాది తిరిగేలోపు గొంతు మారింది, మీసం వచ్చింది. ఈ హార్మోను లేకపోతే ఎముకలు కూడా బలహీనపడతాయట, అందుకని మానకూడదు. పిల్లలు కావాలనుకున్నప్పుడు వేరే ఇంజెక్షన్లు ఉన్నాయి, చాలామందికి పని చేస్తాయి అన్నారు. వాసన మాత్రం రాదు. అందుకే గ్యాసు లీకయితే వాడికి తెలీదని, రాత్రి సిలిండరు కట్టేయడం ఇంట్లో అందరం అలవాటు చేసుకున్నాం.

అక్కలకీ చెల్లెళ్ళకీ అన్నదమ్ములకీ నేను చెప్పేది ఇంతే. మగపిల్లాడికి 14 ఏళ్ళు, ఆడపిల్లకి 13 ఏళ్ళు నిండినా ఎదుగుదల గుర్తులు మొదలవకపోతే డాక్టరుకి చూపించండి. చాలామందికి కాస్త ఆలస్యమే తప్ప జబ్బేమీ ఉండదు. కాల్‌మన్ అరుదైనదే. కానీ వాసన కూడా తెలీదంటే ఆ మాట తప్పకుండా చెప్పండి. మగబిడ్డ పుట్టినప్పుడు వృషణాలు కిందికి దిగలేదన్నా, ఆ సంగతి కూడా చెప్పండి. పేరు లేని పొడులు తినిపించకండి. నాలాగా పెళ్ళి మందని అసలు అనుకోకండి. ఇంకో ఇంటి ఆడపిల్ల బతుకు కూడా అందులో ఉంటుంది.

ఆ రోజు డాక్టరు గదిలో మా చెల్లెలు ఒకే ఒక్క మాట అడిగింది. "నా వల్ల కాదా అండీ?" అంది. "కాదమ్మా" అన్నారాయన. బయటికొచ్చి బల్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. మా మేనల్లుడికి ఇప్పుడు ఇరవై మూడేళ్ళు. మళ్ళీ చదువుకుంటున్నాడు. వాళ్ళ నాయనమ్మ మాత్రం కోడల్ని క్షమించమని ఇప్పటిదాకా నోరు తెరిచి అడగలేదు. మొన్న పులస తెచ్చిన రోజున మొదటి ముక్క ఆవిడ పళ్ళెంలో వేసింది. మా చెల్లెలు తింది.